ఇంటిపేరు పోగొట్టుకున్న ఇంజినీరు

తెలుగులో పేరు అనే మాట రెండు పనులు చేస్తుంది. అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉండేదీ పేరే, నలుగురిలో సంపాదించుకునేదీ పేరే. పేరు పెట్టుకోవడం, పేరు తెచ్చుకోవడం, పేరు పోగొట్టుకోవడం, ఈ మూడూ ఒకే మనిషికి ఒకే జీవితంలో జరిగితే ఎలా ఉంటుంది? అలా జరిగిన ఒక మెకానికల్ ఇంజినీరు గురించి ఈ సంచికకి రాస్తున్నాను. ఆయన ఆగస్ట్ హోర్ష్. ఆయన పెట్టిన కంపెనీ మనందరికీ తెలుసు, ఆయనే తెలియదు. ఆ కంపెనీ ఆడి.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక కార్ల మీద చర్చ మొదలైతే ఎవరికీ నిద్ర ఉండదు. ఏ మోడల్‌కి ఎంత టార్క్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, అన్నీ నోటికి వచ్చు. కానీ ఆ కార్లు కట్టినవాళ్ల గురించి అడిగితే అందరం ఫోన్ తీస్తాం. మా సిలబస్ కూడా అంతే. ఒట్టో, డీజిల్ మనుషులుగా కాకుండా పీవీ డయాగ్రమ్‌లుగా పరిచయం అవుతారు. హోర్ష్‌కి ఆ భాగ్యం కూడా దక్కలేదు.

ఆయన 1868 అక్టోబర్ 12న జర్మనీలో మోసెల్ నది ఒడ్డున ఉన్న వినింగెన్ అనే ఊళ్లో పుట్టాడు. ద్రాక్షతోటల ఊరు. తండ్రిది కమ్మరి పని. బడి అయిపోయాక అబ్బాయి కూడా ఆ కొలిమి దగ్గరే పని నేర్చుకున్నాడు. అప్పట్లో అక్కడ ఒక పద్ధతి ఉండేది. చేతిపని నేర్చినవాడు సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరగాలి, దొరికిన చోట పని చేసుకుంటూ ఇంకా నేర్చుకోవాలి. హోర్ష్ కూడా అలా బయల్దేరి బాల్కన్ దేశాల దాకా వెళ్లాడు. ఇంటర్న్‌షిప్ అని మనం పెట్టుకున్న పేరుకి అసలు రూపం ఇదే అనుకోండి. కాకపోతే వాళ్లకి సర్టిఫికెట్ కన్నా ముందు చేతులకి కాయలు వచ్చేవి.

తిరిగొచ్చాక ఆయన సాక్సనీ ప్రాంతంలోని మిట్‌వైడా అనే ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. ఇనుము ఎంత వేడెక్కితే ఏ రంగులోకి మారుతుందో, ఎక్కడ కొడితే ఎటు వంగుతుందో ముందే తెలిసిన కుర్రాడు ఆ తర్వాత లెక్కలు, డ్రాయింగ్ నేర్చుకున్నాడన్నమాట. మనది సరిగ్గా దీనికి తలకిందులు. మనం స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ ముందు గీస్తాం, ఇనుముని తర్వాత ముట్టుకుంటాం. అది కూడా ల్యాబ్ ఎక్స్‌టర్నల్ దగ్గర పడ్డాక.

చదువు అయ్యాక కొన్ని ఉద్యోగాలు చేసి, 1896లో మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ దగ్గర చేరాడు. అవును, మెర్సిడెస్-బెంజ్‌లో ఉన్న ఆ బెంజే. మోటారు కారుకి 1886లో పేటెంట్ తీసుకున్న మనిషి. హోర్ష్ కొద్ది కాలంలోనే అక్కడ కార్ల తయారీ విభాగానికి పెద్ద అయ్యాడు. అంతకు మించిన ఉద్యోగం ఆ రోజుల్లో కార్ల ప్రపంచంలో ఎక్కడుంటుంది? అయినా మూడేళ్లకే వదిలేశాడు. బెంజ్ కొత్త మార్పులంటే ఆచితూచి అడుగేసే మనిషి. హోర్ష్‌కి ఆ నిదానం సరిపడలేదు.

1899 నవంబర్ 14న కొలోన్ నగరంలో ఏ.హోర్ష్ అండ్ కంపెనీ మొదలైంది. చిన్న వర్క్‌షాప్, పెట్టుబడి పెట్టిన ఒక భాగస్వామి. మొదట రిపేర్లు, ఆ తర్వాత 1901లో సొంత కారు. 1902లో సాక్సనీకి, రైఖెన్‌బాఖ్ అనే ఊరికి మారారు. 1904లో అక్కడికి దగ్గర్లోనే ఉన్న ట్స్‌వికౌ నగరానికి. ఈ కథ ఇక ఎక్కువగా ఆ నగరం చుట్టూనే తిరుగుతుంది.

కార్ల విషయంలో ఆయనకి ఒకటే పట్టు. కట్టేది బలంగా ఉండాలి, మంచి సరుకుతో ఉండాలి. చాలా కార్లకి వెనక చక్రాలు సైకిల్లాగా గొలుసుతో తిరుగుతున్న కాలంలో ఆయన షాఫ్ట్‌తో తిప్పాడు. గొలుసు సాగుతుంది, దుమ్ము పడుతుంది, తెగుతుంది. షాఫ్ట్‌తో ఆ బాధ లేదు. ఇంజిన్ క్రాంక్‌కేస్‌కి అల్యూమినియం వాడి బరువు తగ్గించాడు. గేర్లకి క్రోమ్-నికెల్ స్టీలు వాడాడు. ఇవాళ మనకి ఇవి మెటీరియల్ సైన్స్ నోట్సులో రెండు మార్కుల ప్రశ్నలు. అప్పుడు ఖర్చెక్కువ అని మిగతావాళ్లు వెనకాడిన పనులు.

ఫలితం 1906లో కనిపించింది. హెర్కోమర్ ట్రయల్ అని ఆ రోజుల్లో పెద్ద పేరున్న దూరప్రయాణం పోటీ. ఆ ఏడాది గెలిచింది ప్రొఫెషనల్ డ్రైవర్ కాదు, ట్స్‌వికౌకి చెందిన రుడాల్ఫ్ స్టోస్ అనే లాయరు. నడిపింది హోర్ష్ కారు. ఒక లాయరు కూడా నడిపి గెలవగలిగే కారంటే అంతకన్నా ప్రకటన ఏం కావాలి? హోర్ష్ అనే పేరు జర్మనీ అంతా పాకింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ట్స్‌వికౌకి మారిన ఆ 1904లోనే కంపెనీని షేర్లు అమ్మే జాయింట్ స్టాక్ కంపెనీగా మార్చారు. ఫ్యాక్టరీ పెంచాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే షేర్‌హోల్డర్లు కావాలి, వాళ్లుంటే బోర్డు ఉంటుంది. షెడ్డు, మెషీన్లు, డ్రాయింగులు కంపెనీ ఆస్తి అయ్యాయి. వాటితో పాటు తలుపు మీద రాసిన పేరు కూడా కంపెనీ ఆస్తే అయింది. ఆ పేరు ఆయన తండ్రిది, తాతది. మన భాషలో చెప్పాలంటే ఇంటిపేరు. దాని విలువ ఎంతో ఆ రోజు ఎవరూ విడిగా లెక్క కట్టి ఉండరు. ఐదేళ్ల తర్వాత లెక్క తేలింది.

1909లో ఆయనకీ కంపెనీ పెద్దలకీ మధ్య గొడవలు ముదిరాయి. డబ్బు లెక్కలు చూసేవాళ్లకి, కార్లు కట్టేవాడికి మధ్య వచ్చే గొడవలే. చివరికి తను పెట్టిన కంపెనీలోంచి తనే బయటికి నడవాల్సి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 40. ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే, స్నేహితుల సాయంతో అదే ట్స్‌వికౌలో, ఆ ఏడాది జూలైలోనే, ఇంకో కార్ల కంపెనీ పెట్టడం. దానికి తన పేరే పెట్టుకున్నాడు. పెట్టుకోడా మరి?

పాత కంపెనీ కోర్టుకెక్కింది. హోర్ష్ అనే పేరు మీద కార్లు అమ్మే హక్కు మాది అన్నది వాళ్ల వాదన. ఆయన వాదన ఇంకా సులువైనది, హోర్ష్ నేనే కదా అని. కేసు లైప్జిగ్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆయన ఓడిపోయాడు.

చట్టం ప్రకారం చూస్తే ఆ తీర్పు తప్పు కాదని ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అనిపిస్తుంది. హోర్ష్ కారు కొనేవాడు మోసపోకూడదు, ఒకే ఊళ్లో రెండు హోర్ష్ కంపెనీలుంటే ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది? కానీ మనిషి వైపు నుంచి చూస్తే మింగుడు పడదు. ఇంట్లో, పోస్టుమ్యాన్ దగ్గర, చర్చి రిజిస్టర్‌లో ఆయన హోర్షే. తను కట్టిన కారు మీద మాత్రం ఆ పేరు రాసుకోవడానికి వీల్లేదు.

కొత్త పేరు వెతకడానికి అందరూ స్నేహితుడు ఫ్రాంజ్ ఫికెన్‌షర్ ఇంట్లో కూర్చున్నారు. పక్కనే ఆయన కొడుకు హైన్రిష్ తన లాటిన్ పాఠం చదువుకుంటున్నాడు. పెద్దవాళ్లు ఎంతసేపటికీ తేల్చకపోయేసరికి ఆ అబ్బాయి కల్పించుకున్నాడు. జర్మన్‌లో హోర్ష్ అంటే ఆలకించు అని అర్థం. అదే మాటని లాటిన్‌లో అంటే ఔడీ. ఆ పేరే పెట్టుకోవచ్చు కదా అని అడిగాడు. ఆడియో, ఆడిటోరియం, ఆడిషన్, ఇవన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. 1910 ఏప్రిల్ 25న కంపెనీ ఆ కొత్త పేరుతో రిజిస్టర్ అయింది. జర్మన్లు ఇప్పటికీ ఔడీ అనే అంటారు, మనం ఆడి అంటున్నాం.

మన లిటరరీ క్లబ్బులో ఉన్నవాళ్లకి ఈ ఘట్టం ప్రత్యేకంగా నచ్చుతుందని నా నమ్మకం. లాయర్ల వల్ల కాని పని ఒక పర్యాయపదం వల్ల అయింది. కోర్టు అక్షరాలని లాక్కుంది. అర్థాన్ని లాక్కోవడం దాని చేతుల్లో లేదు. ఈసారి ఎవరైనా మెకానికల్‌వాడికి భాషతో ఏం పని అని అడిగితే ఈ కథ చెప్పండి.

అయితే పేరు పెట్టుకోవడం ఒక్క సాయంత్రం పని, తెచ్చుకోవడం అలా కాదు. 1910లో ఆడి అంటే ఎవరికీ ఏమీ తెలియదు. హోర్ష్ తన పాత దారే పట్టాడు. కారు మాట్లాడాలి, మనం కాదు అనుకున్నాడేమో. ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల మీద ఏటా ఒక ట్రయల్ జరిగేది. నిట్టనిలువు ఎక్కుడు, మట్టిరోడ్లు, రోజుల తరబడి ప్రయాణం. దారిలో ఆగితే, రిపేరు చేస్తే పాయింట్లు కోసేస్తారు. 1911లో ఆయన స్వయంగా స్టీరింగ్ పట్టుకుని ఒక్క పాయింటు కూడా పోకుండా పూర్తి చేశాడు. ఓనరు, డిజైనరు, డ్రైవరు అన్నీ ఒక్కడే. ఆ తర్వాత 1912 నుంచి 1914 దాకా వరుసగా మూడేళ్లు ఆడి జట్టుదే గెలుపు. ఆ గెలిచిన టైప్ సీ మోడల్‌కి జనం ఆల్ప్స్ విజేత అనే పేరే పెట్టేశారు. నాలుగేళ్లలో, ఎవరికీ తెలియని ఒక లాటిన్ మాట జర్మన్ల నోళ్లలో నానింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి మోటివేషనల్ వీడియో అవుతుంది. కానీ జీవితం అక్కడ ఆగలేదు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1920లో ఆయన ఆడి రోజువారీ పనుల్లోంచి తప్పుకుని బెర్లిన్ వెళ్లిపోయాడు. అక్కడ వాహనాల నిపుణుడిగా సలహాలు ఇచ్చే పని చేశాడు. 1922లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాసంస్థ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన వెళ్లిపోయాక కూడా రెండు కంపెనీలూ ఆయన పెట్టిన పేర్లతోనే నడిచాయి. విచిత్రం ఏమిటంటే, హోర్ష్ అంటే ఇవాళ పాతకార్ల అభిమానులకి గుర్తొచ్చే ఎనిమిది సిలిండర్ల రాజసం కార్లన్నీ ఆయన లేనప్పుడు వచ్చినవే. పేరు ఆయనది, కారు వేరేవాళ్లది.

ఆడికి మాత్రం కష్టాలొచ్చాయి. 1928లో దాన్ని డీకేడబ్ల్యూ కంపెనీ యజమాని రాస్ముసెన్ కొనుక్కున్నాడు. ఈయన డెన్మార్క్ మనిషి, చదివింది మిట్‌వైడాలోనే. సీనియర్ పెట్టిన కంపెనీని జూనియర్ కొన్నాడన్నమాట. ఆ తర్వాత ఆర్థికమాంద్యం దెబ్బకి 1932లో సాక్సనీలోని నాలుగు కంపెనీలు, ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. నాలుగు రింగులు అప్పుడు పుట్టినవే. ఒక్కో రింగు ఒక్కో కంపెనీ. 23 ఏళ్ల కింద కోర్టులో కొట్టుకున్న రెండు పేర్లు ఒకే గుర్తులోకి వచ్చి చేరాయి. హోర్ష్‌ని కొత్త సంస్థ పర్యవేక్షక మండలిలోకి తీసుకున్నారు.

ఆ మరుసటి ఏడాది, 1933లో, హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆటో యూనియన్ వెండిరంగు రేసు కార్లు యూరప్‌ని ఊపేశాయి, ఆ రేసులకి ప్రభుత్వం డబ్బు ముట్టింది. తర్వాత యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీల్లో యుద్ధసామగ్రి తయారైంది, బలవంతంగా పట్టుకొచ్చిన మనుషులతో పని చేయించారు. ఈ చరిత్రని వెలికితీయమని ఆడి కంపెనీయే చరిత్రకారులకి అప్పగించింది. 2014లో బయటికొచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, నిర్బంధ శిబిరాల ఖైదీలు 3,700 మందికి పైగా ఆటో యూనియన్ కోసం పని చేశారు. ట్స్‌వికౌలో ఆ కంపెనీ కోసమే ఒక శిబిరం నడిచింది.

హోర్ష్‌కి అప్పటికి 70 దాటాయి. కంపెనీ నడిపింది ఆయన కాదు. కానీ ఆ మండలిలో ఆయన పేరుంది. ఒక షాఫ్ట్‌కి ఏ స్టీలు వాడాలో దగ్గర రాజీ పడని మనిషి గురించి రాస్తూ ఈ పేరా వదిలేస్తే బాగుండునని అనిపించింది. వదిలేస్తే ఆయన జీవితం కాదు, బ్రోచర్ అవుతుంది. మన పేరు ఒక తలుపు మీద ఉన్నంత కాలం, ఆ తలుపు వెనక జరిగేదాంట్లో మనకి వాటా ఉంటుంది. 1909లో ఆయన తన పేరు తనదేనని కోర్టు దాకా కొట్లాడాడు కాబట్టి ఈ మాట ఆయన విషయంలో మరీ బరువుగా ఉంటుంది.

యుద్ధం ముగిశాక ట్స్‌వికౌ సోవియట్ సైన్యం చేతిలోకి వెళ్లింది. ఫ్యాక్టరీలు ప్రభుత్వపరమయ్యాయి. హోర్ష్ అప్పటికే పశ్చిమాన బవేరియాలోని ముంఖ్‌బెర్గ్ అనే చిన్న పట్టణానికి చేరుకున్నాడు. 1949లో ఇంగోల్‌స్టాట్‌లో ఆటో యూనియన్‌ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1951 ఫిబ్రవరి 3న, 82 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. సొంత ఊరు వినింగెన్‌లో సమాధి చేశారు. ఆ రోజుకి ప్రపంచంలో ఎక్కడా ఆడి అనే కొత్త కారు తయారు కావడం లేదు. ఆయనకి తెలిసినంతవరకు తన రెండు పేర్లూ పోయినట్టే.

పేర్ల కథ మాత్రం ఆయన తర్వాత కూడా సాగింది. తూర్పు జర్మనీలో ఆయన పాత ఫ్యాక్టరీవాళ్లు 1950లలో ఒక పెద్ద కారుకి హోర్ష్ అనే పేరే పెడితే, పశ్చిమాన ఉన్న ఆటో యూనియన్ ఒప్పుకోలేదు. దాంతో ఆ కారు పేరు సాక్సన్‌రింగ్‌గా మారింది. మనిషి పోయినా పేరు మీద తగువు పోలేదు చూడండి. అదే ట్స్‌వికౌలో 1957 నుంచి 1991 దాకా ట్రబాంట్ అనే చిన్న కారు 30 లక్షలకు పైగా తయారైంది. పశ్చిమంలో 1960ల మధ్యలో ఫోక్స్‌వ్యాగన్ చేతికి వచ్చిన కంపెనీ కొత్త ఇంజిన్‌తో కారు తెచ్చింది. డీకేడబ్ల్యూ అంటే జనానికి పొగ వదిలే టూ-స్ట్రోక్ బండే గుర్తొచ్చేది కాబట్టి వేరే పేరు కావాల్సి వచ్చింది. పాత బీరువాలోంచి ఆడిని బయటికి తీశారు. ఒక కుర్రాడు లాటిన్ పాఠంలోంచి తీసిచ్చిన మాట 1965లో అలా మళ్లీ రోడ్డెక్కింది.

మన ఇళ్లల్లో ఆ పేరు మొదట విన్నది బహుశా 1985లో. మెల్‌బోర్న్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ గెలిచాక రవిశాస్త్రికి ఆడి 100 కారు బహుమతిగా ఇచ్చారు, జట్టంతా దాని మీదెక్కి గ్రౌండ్ చుట్టూ తిరిగింది. బాగా ఆడి సంపాదించిన ఆడి అని మా నాన్న ఇప్పటికీ అదే జోకు వేస్తారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం ఆడి కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని చూపించింది. చాలా కేసుల్లో డ్రైవర్లే బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని 1989లో ప్రభుత్వ విచారణ తేల్చింది. అయినా 1985లో 74 వేలున్న అక్కడి అమ్మకాలు 1991 నాటికి 12 వేలకి పడిపోయాయి. చేయని తప్పుకి పేరు పోయింది. మళ్లీ 2015లో డీజిల్ పొగ పరీక్షల్లో సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసిన ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కుంభకోణంలో ఆడి కూడా ఉంది. 2018లో జర్మనీలోనే 80 కోట్ల యూరోల జరిమానా కట్టింది. ఈసారి చేసిన తప్పుకే పేరు పోయింది.

మా సీనియర్లు కొందరు ఈ మధ్య ఆఫర్ లెటర్లు చూపించారు. అక్కడ పనిచేస్తున్నప్పుడు తయారు చేసేదంతా కంపెనీదే అనే ఒక క్లాజు అందరి కాగితంలోనూ ఉంది. అందరూ సంతకం పెట్టారు, రేపు నేనూ పెడతాను, అందులో తప్పేం లేదు. రేపు మనలో ఎవరైనా స్టార్టప్ పెట్టి దానికి తమ పేరే పెట్టుకోవచ్చు, షేర్లు అమ్మవచ్చు. అప్పుడు ఆ కాగితంలో పేరు గురించి రాసిన లైను ఒకసారి చదువుకోండి. హోర్ష్ దగ్గర కోర్టు తీసుకోలేనిది ఒకటి మిగిలింది. మళ్లీ ఒక మంచి కారు కట్టడం ఆయనకి వచ్చు. అది ఏ కాగితంతోనూ బదిలీ కాదు.

ఈసారి జూబ్లీహిల్స్‌లోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఆడి కారు కనిపిస్తే ముందున్న రింగుల్ని ఎడమ నుంచి లెక్కపెట్టండి. మొదటిది ఆడి. మూడోది హోర్ష్. మధ్యలో ఇంకో రింగుంది కానీ, ఆ గొలుసు తెగలేదు.